హార్డ్ వాటర్‌తో గీజర్ పోయింది, బట్టలు బిరుసెక్కాయి. ఇల్లు మొత్తానికీ సాఫ్ట్‌నర్ పెట్టించాలా?

నీలిబకెట్
ఈ ఫ్లాట్‌లో చేరి పదకొండు నెలలైంది. మొన్న గీజర్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి ఎలిమెంట్ బయటికి లాగితే, సుద్దలో ముంచి ఆరబెట్టిన కర్రలా ఉంది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. ట్యాంకు అడుగున ఇంకో రెండు గుప్పెళ్ల తెల్ల పెంకులు. చేత్తో నలిపితే అచ్చం కోడిగుడ్డు పెంకులా పొడైపోయాయి.

గీజర్ ఒక్కటే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు గోడ మీదికి చిమ్ముతున్నాయి. ముదురు రంగు బట్టలన్నిటి మీదా బూడిద తెర కప్పినట్టుంది. తువ్వాలు ఆరాక గోడకి ఆనించి నిలబెట్టొచ్చు. స్టీలు గిన్నెలు కడిగి బోర్లిస్తే ప్రతి చుక్కకీ ఒక మచ్చ. మా అత్తయ్యగారు తన జుట్టు ఊడటానికి ఈ నీళ్లే కారణమని తేల్చేశారు.

నీళ్లలో కరిగిన లవణాలెన్నో చెప్పే టీడీఎస్ మీటర్ పెడితే 780 చూపించింది. మా ఆయన ఇల్లు మొత్తానికీ నీళ్లని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టించేద్దామంటున్నారు. నాకు తొందరపడటం ఇష్టం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పైపురెంచి
గీజర్ ఎన్ని డిగ్రీల మీద పెట్టారు?

నీలిబకెట్
డయల్ చివరిదాకా తిప్పేసి ఉంది. 75 అనుకుంటా.

పైపురెంచి
అదీ సంగతి. పదకొండు నెలల్లో ఎలిమెంట్ ఇలా అయిందంటే, నీళ్లతోపాటు మనమూ సాయం చేసినట్టే.

సందేహాలపుట్ట
780 అంటే మామూలు విషయం కాదండీ. సాఫ్ట్‌నర్ కాదు, ఇంటికంతటికీ ఆర్‌ఓ పెట్టించండి. మా ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు 40 చూపిస్తాయి. 40 ఎక్కడ, 780 ఎక్కడ!

సుద్దముక్క
పిల్లలకి కెమిస్ట్రీ చెప్పే మనిషిని కాబట్టి ఇక్కడ కాస్త క్లాసు పీకక తప్పదు, ఓపిక పట్టండి.

టీడీఎస్ మీటర్ హార్డ్‌నెస్‌ని కొలవదు. అది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉండొచ్చో ఒక అంకె చెబుతుంది. ఆ లవణాల్లో మామూలు ఉప్పు ఎంత, కాల్షియం ఎంత అనేది దానికి తెలియదు. హార్డ్‌నెస్ అంటే ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం. ఉప్పగా ఉండి సబ్బు బాగానే నురగొచ్చే నీళ్లు ఉంటాయి. రుచికి తియ్యగా ఉండి గీజర్‌ని మింగేసేవీ ఉంటాయి. 780లో హార్డ్‌నెస్ 150 ఉండొచ్చు, 500 కూడా ఉండొచ్చు. ఆ రెండింటికీ చెయ్యాల్సిన పని ఒకటి కాదు.

లెక్క ఎలా చెబుతారంటే, లీటరు నీళ్లలో కాల్షియం కార్బొనేట్ రూపంలో ఎన్ని మిల్లీగ్రాములకు సమానమో చూస్తారు. 60 లోపు మెత్తటి నీళ్లు, 61 నుంచి 120 ఓ మోస్తరు, 121 నుంచి 180 హార్డ్, 180 దాటితే బాగా హార్డ్. ఎక్కువమంది వాడే విభజన ఇది.

ఇక గీజర్ విషయం. ఉప్పూ పంచదారా వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి కదా. కాల్షియం కార్బొనేట్ తిరకాసుది, వేడెక్కే కొద్దీ తక్కువ కరుగుతుంది. పైగా నీళ్లలో అది కరిగి ఉండేది బైకార్బొనేట్ రూపంలో. వేడి తగలగానే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోతుంది, మిగిలింది సుద్దగా బయటపడుతుంది. అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు ఎలిమెంట్ ఒళ్లే కాబట్టి ముందు అక్కడే అంటుకుంటుంది. అందుకే పైపురెంచి గారు డిగ్రీలు అడిగింది.

ఈ బైకార్బొనేట్ వల్ల వచ్చే హార్డ్‌నెస్‌ని తాత్కాలిక కాఠిన్యం అంటారు, మరిగిస్తే పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది మరిగించినా పోదు. బట్టల దగ్గరా సబ్బు దగ్గరా మాత్రం రెండూ కలిసే ఏడిపిస్తాయి.

సందేహాలపుట్ట
అంటే ఇన్నాళ్లూ నేను మీటర్ పట్టుకుని తిరిగిందంతా వేస్టా మాస్టారూ?

సుద్దముక్క
వేస్టేం కాదు. ఆర్‌ఓ మెంబ్రేన్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి అదే సరైన పరికరం. కానీ ఇంటికంతటికీ ఆర్‌ఓ మాత్రం వద్దు. పారబోసే నీళ్లే బోలెడు, హార్డ్ వాటర్ నేరుగా వెళ్తే మెంబ్రేన్ కూడా తొందరగా పూడుకుపోతుంది. ఇంకో మాట, ఆర్‌ఓ వదిలేసే నీళ్లు అసలు నీళ్లకన్నా హార్డ్‌గా ఉంటాయి. పొదుపు చేస్తున్నామని వాటిని వాషింగ్ మెషీన్‌లో పోసేవాళ్లని చూశాను.

నీలిబకెట్
ఆ పోసేవాళ్లలో నేనూ ఉన్నాను 🙈 ఇవాళే ఆపేస్తా. మరి హార్డ్‌నెస్ ఇంట్లో ఎలా కొలవాలి?

సుద్దముక్క
ఉజ్జాయింపుగా తెలియాలంటే స్ట్రిప్పులు దొరుకుతాయి, ముంచి రంగు చూసుకోవడమే. కచ్చితంగా కావాలంటే చుక్కల కిట్ కొనండి. కొలిచి పోసిన నీళ్లలో ఇండికేటర్ వేస్తే ఎర్రటి వైన్ రంగు వస్తుంది. తర్వాత కాల్షియాన్ని పట్టుకునే ఈడీటీఏ అనే రసాయన ద్రావణం ఒక్కొక్క చుక్కే వేస్తూ కలపాలి. ఎర్ర రంగు ఊదాలోకి దిగి, ఒక్క చుక్కతో నీలంగా మారిపోతుంది. అక్కడ ఆపి చుక్కలు లెక్కపెట్టుకోవడమే. ఒక్కో చుక్కకి ఎంత అనేది కిట్ మీద రాసి ఉంటుంది. పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని చెయ్యండి, సరదాగా ఉంటుంది.

కిట్ వచ్చేలోపు ఓ చిన్న పని. సీసాలో మీ కుళాయి నీళ్లు సగం, ఇంకో సీసాలో బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం తీసుకుని రెండింట్లో ఒకే కొలత సబ్బు తురుము వేసి గిలక్కొట్టండి. సబ్బే వాడాలి, డిటర్జెంట్ పొడి కాదు. ఒకదాంట్లో నురగ నిలబడుతుంది. రెండోదాంట్లో నీళ్లు పాలు విరిగినట్టయి పైన తెట్టు కడుతుంది. బాత్‌రూమ్ గోడల మీద జిడ్డుగా పట్టేది ఆ తెట్టే. సబ్బూ కాల్షియం కలిసి అలా అవుతాయి. మీరు కొన్న సబ్బులో సగం ఒంటిని కడగడం మానేసి కాల్షియంతో కుస్తీ పడుతోందన్నమాట.

అయస్కాంతం
ఇంత తతంగం ఎందుకు? పైపుకి బయట మ్యాగ్నెట్ బిగిస్తే చాలు. ఉప్పు వద్దు, కరెంటు వద్దు. మా ఇంట్లో రెండేళ్లుగా ఉంది, షవర్ నున్నగా ఉంది.

పైపురెంచి
అన్నా, నేను బిగించినవీ ఉన్నాయి, ఊడదీసినవీ ఉన్నాయి. ఒక ఇంట్లో బాగుందన్నారు, పక్కింట్లో మూడు నెలలకే షవర్ మూసుకుపోయింది. నీళ్లూ ఒకటే, మ్యాగ్నెటూ ఒకటే.

సుద్దముక్క
మ్యాగ్నెట్ దాటాక నీళ్లు పట్టి కిట్‌తో కొలిస్తే హార్డ్‌నెస్ ముందెంతో వెనకా అంతే. కాల్షియం ఎక్కడికీ పోదు కాబట్టి సబ్బుకీ బట్టలకీ ఒరిగేదేం లేదు. పొర అంటుకోవడం తగ్గిస్తుందా అంటే, జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. మీకు పనిచేస్తే సంతోషం, ఇంకొకరికి గ్యారంటీ మాత్రం ఇవ్వకండి.

అయస్కాంతం
సరే మాస్టారూ, మా నీళ్లే మెత్తనివేమో. కొలిచి చెప్తా.

మూడోఅంతస్తు
నా కథ వినండి, ఎవరూ ఈ తప్పు చెయ్యకండి. కుళాయిల మీద తెల్ల పొర పోవట్లేదని బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోశాను. పొర పోయింది, దాంతోపాటు కుళాయి మెరుపూ పోయింది. కింద మార్బుల్ గట్టు మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆ నాలుగు చోట్లా రాయి గరుకెక్కి తెల్లబడిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. మార్బుల్ కూడా కాల్షియం కార్బొనేటే అని తర్వాత మా అబ్బాయి చెప్పాడు. అంటే నేను మరకనీ గట్టునీ ఒకే మందుతో కడిగానన్నమాట.

అంతకన్నా పెద్ద గండం తప్పింది. అదే రోజు పొద్దున అక్కడ బ్లీచ్ పోసి కడిగి ఉంది. యాసిడ్ పోయగానే ఘాటు గుప్పుమని దగ్గు పట్టుకుంది, బయటికి పరుగెత్తాను.

సుద్దముక్క
అది క్లోరిన్ వాయువు. బ్లీచ్‌తో ఏ యాసిడూ కలవకూడదు, వెనిగరైనా సరే, నిమ్మ ఉప్పైనా సరే. మూసి ఉన్న బాత్‌రూమ్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

పైపురెంచి
పొర తీసే పద్ధతి చెప్తాను.

షవర్‌కి: ప్లాస్టిక్ కవర్‌లో వెనిగర్ పోసి, షవర్ తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టేయండి. ఓ గంట చాలు. కంపెనీ పూత ఉన్న రకాలైతే రాత్రంతా ఉంచకండి. తీశాక పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లు వదలండి.

కుళాయి చివర చిన్న జాలి ఉంటుంది, మర తిప్పితే ఊడుతుంది. చాలామంది నీళ్లు సన్నగా వస్తున్నాయని మోటార్ మార్పించేస్తారు, ఆ జాలి విప్పి చూడరు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి కాసేపటికి శుభ్రం.

గీజర్‌కి: ముందు కరెంటు బోర్డులోని ఎంసీబీ (బ్రేకర్) ఆపాలి, స్విచ్ ఒక్కటే ఆపితే సరిపోదు. నీళ్లు చల్లారాక ఇన్‌లెట్ వాల్వ్ కట్టేసి డ్రెయిన్ విప్పాలి. అడుగున ఉన్న పెంకులన్నీ బయటికి రావాలి. ఎలిమెంట్ పొర పలచగా ఉంటే నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టొచ్చు, వైర్లు బిగించే చివర మాత్రం తడవకూడదు. కత్తితో గోకకండి, పైన తొడుగు చిల్లు పడితే షాక్ కొడుతుంది. అలవాటు లేనివాళ్లు మెకానిక్‌ని పిలవండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

నీలిబకెట్ అక్కా, అది విప్పినప్పుడు యానోడ్ రాడ్ చూశారా? మెగ్నీషియం కడ్డీ, ట్యాంకు తుప్పు పట్టకుండా తను అరిగిపోతుంది. లవణాలు ఎక్కువున్న నీళ్లలో ఇంకా తొందరగా అరుగుతుంది. ఎలిమెంట్ మార్చి దాన్ని వదిలేస్తే తుప్పు పట్టి ట్యాంకే కారొచ్చు.

డయల్ 60 దగ్గరికి దించండి. మరీ దించేసి గోరువెచ్చగా నిలవ ఉంచినా బ్యాక్టీరియా చేరుతుంది. గీజర్‌లోంచి ఇసుక వేయిస్తున్నట్టు చిటపట చప్పుడు వస్తే అడుగున పెంకు పేరుకుందని గుర్తు.

నీలిబకెట్
రాడ్ సంగతి మెకానిక్ ఎత్తనే లేదు అన్నా! రేపు మళ్లీ పిలుస్తాను. చిటపట చప్పుడు నాలుగు నెలల నుంచీ ఉంది, నీళ్లు బాగా కాగుతున్నాయని సంబరపడ్డాం.

ఉతుకుడుబల్ల
బట్టల గురించి నేను చెప్తా, ఇంట్లో అయిదుగురం. తువ్వాళ్లు బిరుసెక్కాయని పొడి ఇంకాస్త ఎక్కువ వేశాం, కొన్నాళ్లకి ఇంకా బిరుసెక్కాయి. చివరికి తెలిసిందేంటంటే పొడి సరిగా కరగక, జాడించడం చాలక అదే బట్టల్లో ఉండిపోతోంది. హార్డ్ నీళ్లకి పొడి కాస్త ఎక్కువే కావాలి, నిజమే. కానీ ఎంతన్నది పాకెట్ వెనకాల నీళ్ల రకాన్ని బట్టి రాసి ఉంటే అది చూసి వెయ్యండి. మేం ఇప్పుడు పొడితోపాటు ఒక చెంచా వాషింగ్ సోడా వేస్తున్నాం. ఉన్ని, పట్టు బట్టలకి వద్దు. జాడింపు ఒకటి ఎక్కువ పెట్టాం. రెండు వారాల్లో తేడా తెలిసింది.

అన్నట్టు పటిక వేస్తే నీళ్లు మెత్తబడతాయని మా పక్కింటావిడ అంటారు. నిజమేనా?

సుద్దముక్క
పటిక బురదని కిందికి దించుతుంది, అంతే. కరిగిన కాల్షియం జోలికి పోదు. మీ వాషింగ్ సోడా మాత్రం నిజంగా పనిచేస్తుంది. అందులోని కార్బొనేట్ కాల్షియాన్ని పట్టుకుని సుద్దగా విడగొట్టేస్తుంది.

వాలుజడ
జుట్టు గురించి ఎవరూ మాట్లాడరేం? అసలు బాధ మాది!

గోరింట
నేను కొంత చదివాను. హార్డ్ వాటర్‌తో కుదుళ్ల నుంచి జుట్టు ఊడుతుందని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. కాల్షియం వెంట్రుక మీద పట్టి గరుకుగా, చిక్కులుగా అవుతుంది. చిక్కు తీసేటప్పుడు తెగుతుంది, దువ్వెనకి చుట్టుకుంటుంది, ఊడిందని హడలిపోతాం. చేతిలో వెంట్రుక తీసుకుని చివర చూడండి. తెల్లటి చిన్న బొడిపె ఉంటే కుదురు నుంచి వచ్చింది. లేకపోతే మధ్యలో తెగింది. కుదుళ్ల నుంచే గుత్తులుగా వస్తుంటే నీళ్లని తిట్టుకుంటూ కూచోకుండా డాక్టర్‌కి చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి ఉండొచ్చు.

చర్మం దగ్గర ఒక ఆసక్తికరమైన సంగతి. ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్లలో సాఫ్ట్‌నర్లు పెట్టి బ్రిటన్‌లో 336 మంది మీద ఒక అధ్యయనం చేశారు, 2011లో వచ్చింది. పన్నెండు వారాల తర్వాత మామూలు చికిత్స ఒక్కటే తీసుకున్న పిల్లలకీ, సాఫ్ట్‌నర్ కూడా పెట్టిన పిల్లలకీ ఎగ్జిమా తగ్గడంలో తేడా కనపడలేదు. హార్డ్ నీళ్లకి చర్మం పొడిబారినట్టు అనిపించడం నాకూ అనుభవమే, కాదనను. సాఫ్ట్‌నర్ పెడితే జబ్బు నయమవుతుందని అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

నీలిబకెట్
అత్తయ్యగారి దువ్వెనలోంచి పది వెంట్రుకలు తీసి చూశాం. ఏడింటికి బొడిపె ఉంది. వచ్చేవారం రక్తపరీక్షకి తీసుకెళ్తున్నా. థాంక్స్ గోరింట గారూ.

సందేహాలపుట్ట
మరి తాగితే కిడ్నీలో రాళ్లు?

సుద్దముక్క
ఈ ప్రశ్న రాకుండా ఏ చర్చా పూర్తవ్వదు. గీజర్‌లో పేరుకున్నట్టే మనలోనూ పేరుకుంటుందని ఊహ. హార్డ్‌నెస్‌కి ఆరోగ్యం పేరుతో పరిమితి పెట్టాల్సిన అవసరం ప్రపంచ ఆరోగ్య సంస్థకి కనపడలేదు. నిజానికి కాల్షియం, మెగ్నీషియం మనకి కావలసినవే. రాళ్ల విషయంలో నీళ్లు సరిపడా తాగకపోవడం పెద్ద కారణం. ఇదివరకే రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్ మాట వినాలి, ఫోరం మాట కాదు.

సాఫ్ట్‌నర్ నీళ్లు తాగే విషయంలోనే జాగ్రత్త. అది కాల్షియం తీసేసి బదులుగా సోడియం వదులుతుంది. హార్డ్‌నెస్ 100 తగ్గిస్తే లీటరుకి సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. అంటే 400 ఉన్న నీళ్లలో దాదాపు 184. ఇంట్లో బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లో పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డో ఉంటే తాగడానికీ వంటకీ సాఫ్ట్‌నర్ ముందు నుంచే విడి లైన్ తీయించండి. సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ తగ్గలేదని గొడవపడేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోండి, అది తగ్గదు.

కమిటీకార్యదర్శి
మా బిల్డింగ్‌లో సాఫ్ట్‌నర్ ఉంది, నాలుగేళ్లుగా దాని సేవ నాదే. కొనేటప్పుడు ఎవరూ చెప్పనివి చెప్తాను.

లోపల ఆవగింజల్లాంటి రెజిన్ గుళికలు ఉంటాయి. అవి కాల్షియాన్ని పట్టుకుని పట్టుకుని నిండిపోతాయి. అప్పుడు ఉప్పునీళ్లు పంపి కడిగితే మళ్లీ సిద్ధం. లీటరు రెజిన్ సుమారుగా 50 గ్రాముల హార్డ్‌నెస్ పడుతుంది. ఇంట్లో 25 లీటర్ల రెజిన్ పెట్టారనుకోండి, 1250 గ్రాములు. నీళ్లు 400 హార్డ్‌నెస్ అయితే 3125 లీటర్లకే నిండిపోతుంది. రోజుకు 500 లీటర్లు వాడే ఇంట్లో ఆరు రోజులు. అంటే వారం తిరక్కుండా ఉప్పు పొయ్యాలి, మర్చిపోతే ఏడో రోజు మళ్లీ పాత నీళ్లే. మా వాచ్‌మన్ ఊరెళ్లిన ప్రతిసారీ మా ఫోన్లు మోగేది అందుకే.

నీళ్లలో ఇనుము ఉంటే రెజిన్ పాడవుతుంది, ముందు ఫిల్టర్ ఉండాలి. బకెట్ అడుగున ఎర్రటి చారలు వస్తున్నాయేమో చూసుకోండి. కడిగిన ఉప్పునీళ్లు ఎటు పోతాయో కూడా ముందే చూసుకోవాలి. మేం మొదట్లో మొక్కల కాలవలోకి వదిలాం. గేటు పక్క మందారాలు నాలుగూ మాడిపోయాయి.

సుద్దముక్క
ఆ 500 లీటర్ల లెక్కని ఇంకోలా చూడండి. 400 హార్డ్‌నెస్‌తో రోజుకి 200 గ్రాములు, ఏడాదికి 73 కిలోలు. ఒక మనిషి బరువున్న సుద్ద మీ ఇంటి పైపుల్లోంచి ఏటా నడిచి వెళ్తోంది. అదృష్టంకొద్దీ చాలా భాగం కాలవలోకే పోతుంది.

నీలిబకెట్
కిట్ వచ్చింది. మా కుళాయి నీళ్లు 420. మా ఆయన వెంటనే సాఫ్ట్‌నర్ వాళ్లకి ఫోన్ చెయ్యబోతే ఆపాను. ఎందుకంటే ఊరికే ఉండలేక బోరు దగ్గరా, మెయిన్ లైన్ సంపులో పడే చోటా కూడా పట్టి చూశాను. బోరు 520. మెయిన్ లైన్ 110. నాలుగుసార్లు చేశాను, అంతే వచ్చింది.

సుద్దముక్క
శభాష్. ఇక లెక్క సులువు. 110, 520 కలిస్తే 420 రావాలంటే మీ సంపులో మూడొంతులు బోరు నీళ్లు, ఒక వంతే మెయిన్ లైన్. మీ లైన్‌లో నీళ్లు అంత తక్కువ వస్తాయా?

నీలిబకెట్
లేదు మాస్టారూ, రోజూ తెల్లవారుజామున రెండు గంటలు వస్తాయి. బానే ధారగా.

కమిటీకార్యదర్శి
అమ్మా, మీ బోరు మోటార్ ఆటోమేటిక్‌లో ఉందా? ఏ టైమ్‌కి ఆన్ అవుతుందో చూడండి.

నీలిబకెట్
వాచ్‌మన్‌తో కలిసి రాత్రి కూచుని చూశాను. సంపు కాస్త తగ్గగానే బోరు దానంతటదే ఆన్ అవుతోంది. అర్ధరాత్రి దాటేసరికి సంపు నిండిపోయింది. తెల్లవారుజామున మెయిన్ లైన్ వచ్చేసరికి ఫ్లోట్ వాల్వ్ మూసుకుని ఉంది. మూత తీసి టార్చి వేసి చూస్తే ఆ మంచి నీళ్లు కారీ కారనట్టు కారుతున్నాయి, లోపలికి రావడానికి చోటే లేదు!

పైపురెంచి
హహహ. సాఫ్ట్‌నర్ అమ్మేవాడు ఈ మాట చచ్చినా చెప్పడు అక్కా.

కమిటీకార్యదర్శి
బోరుకి టైమర్ పెట్టించండి. రాత్రి తొమ్మిది నుంచి మెయిన్ లైన్ ఆగేదాకా ఆన్ అవ్వకూడదు. సంపులో పావు వంతుకన్నా తగ్గితే మాత్రం ఆన్ అయ్యేలా ఇంకో ఫ్లోట్ పెట్టండి, లేకపోతే రాత్రి నీళ్లయిపోయి అందరూ మీ తలుపు కొడతారు.

నీలిబకెట్
మూడు వారాల తర్వాత వస్తున్నా. టైమర్ పెట్టించడానికి కమిటీని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. "ఇన్నాళ్లూ బానే ఉంది కదమ్మా" అన్న పెద్దాయనకి మా పాత ఎలిమెంట్ తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. ఇంకేం మాట్లాడలేదు.

నిన్న కొలిస్తే 220. యానోడ్ రాడ్ పెన్సిల్ ములికిలా మిగిలి ఉంటే మార్పించాం. డయల్ 60. సాఫ్ట్‌నర్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. గిన్నెల మీద మచ్చలు ఇంకా పడుతున్నాయి, కడిగిన వెంటనే గుడ్డతో తుడిస్తే సరిపోతోంది. తువ్వాళ్లు ఇప్పుడు నిలబడట్లేదు. అత్తయ్యగారికి రక్తం తక్కువని తేలింది, మందులు మొదలుపెట్టారు. తప్పు నీళ్లదే అని ఇప్పటికీ అంటున్నారు.

అయస్కాంతం
ఆలస్యంగా చెప్తున్నా. మా నీళ్లు కొలిచాను. 70.

పైపురెంచి
😄

మూడోఅంతస్తు
నీలిబకెట్ గారూ, ఎండాకాలంలో మెయిన్ లైన్ రోజు విడిచి రోజు వస్తే ఏం చేస్తారు? మాకు అదే జరుగుతుంది, అప్పుడు మొత్తం బోరే.

నీలిబకెట్
అది ఇంకా ఆలోచించలేదండీ. అప్పటికి కిట్‌లో చుక్కలు మిగిలితే కొలిచి ఇక్కడే రాస్తాను.